మంచు పడితే ఒకే గది

మంచు పడిన రోజు మా ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళు పడుకోకూడదు. ఈ చట్టం చేసింది నేను. ఎవరి ఓటూ అడగలేదు. పిల్లలు ఆనందంగా ఒప్పుకున్నారు. మావారు మాత్రం నడుం నొప్పి పేరు చెప్పి ఏటా ఒకసారి అప్పీలుకి వచ్చేవారు. నేను కొట్టేసేదాన్ని.

న్యూజిలాండ్ దక్షిణ కొసన, ఇన్వర్‌కార్గిల్ నుంచి కారులో అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో మేము పదేళ్ళకు పైగా కాపురం ఉన్నాం. ఊరంటే ఒక పెద్ద వీధి, ఒక బడి, ఒక డెయిరీ, చుట్టూ కనుచూపు మేర గొర్రెలు. డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు. మన వీధి చివరి చిల్లరకొట్టు లాంటిది. మావారు కంప్యూటర్ల పని చేసేవారు. నేను ట్రాక్టర్ల విడిభాగాలు అమ్మే షాపులో కౌంటర్ దగ్గర ఉండేదాన్ని. తెనాలి పక్కన పుట్టినదాన్ని, నా నోరు ఊరుకోదు. చేరిన కొత్తలోనే ఆ చుట్టుపక్కల ఏ రైతు ట్రాక్టర్ ఎందుకు మొరాయిస్తుందో, ఏ రైతు ఇంట్లో ఎవరికి ఎవరితో పడదో నాకు తెలిసిపోయింది.

చిన్నప్పుడు మాకు దక్షిణపు గాలి అంటే ఎండాకాలం సాయంత్రం డాబా మీద పక్కలు వేసుకున్నప్పుడు హాయిగా వీచే గాలి. అక్కడ మా ఊరికి దక్షిణాన సముద్రం, ఆ సముద్రానికి అవతల మంచు ఖండం తప్ప ఇంకేమీ లేదు. గాలి అటు నుంచి తిరిగిందంటే కౌంటర్ దగ్గర రైతులు మాట తగ్గించేసేవారు. అక్కడ చలికాలం చివర, ఆగస్టులో, గొర్రెలు ఈనడం మొదలవుతుంది. అప్పుడు మంచు పడితే పుట్టిన పిల్లలు బతకవు. నేను కూడా ముఖం దిగాలుగా పెట్టుకుని తల ఊపేదాన్ని. లోపల మాత్రం ఏ పరుపు ఎక్కడ వేయాలో ఆలోచించుకునేదాన్ని. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ విషయంలో నేను పిల్లినే.

మా ఇల్లు పాతకాలపు చెక్క ఇల్లు. ఎత్తైన కప్పు, పొడుగాటి వసారా, పైకి తోసి తెరిచే పెద్ద కిటికీలు. చూడ్డానికి దర్జాగా ఉండేది. చలికాలంలో మాత్రం ముందు గదిలోని కట్టెల పొయ్యి ఒక్కటే దిక్కు. అది ఇనప పెట్టెకి అద్దం తలుపు బిగించినట్టు ఉంటుంది. లోపల కట్టెలు మండుతుంటే పైన గిన్నె పెట్టి అన్నం కూడా వండుకోవచ్చు. మిగతా గదుల్లో కరెంటు హీటర్లు ఉండేవి, ఉన్నామంటే ఉన్నామన్నట్టు.

మొదటిసారి పెద్ద మంచు పడినప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్ళు, అబ్బాయి చంటివాడు. బరువుకి చెట్టుకొమ్మ విరిగి తీగల మీద పడి కరెంటు పోయింది. మావారు, నేను పరుపులన్నీ ముందు గదిలోకి ఈడ్చుకొచ్చి పొయ్యి ముందు వరసగా పరిచాం. కందిపొడి, వేడన్నం, రాయిలా గడ్డకట్టిన నెయ్యి. ఆ నెయ్యి గిన్నెని పొయ్యి పక్కన పెట్టి, అది కరుగుతుంటే చూస్తూ కూర్చోవడం మా అమ్మాయికి ఆ రాత్రికి సినిమా. పొద్దున లేచి అది మొదట అడిగింది, కరెంటు వచ్చేసిందా అని. వచ్చిందంటే ఏడ్చింది. అప్పుడే ఈ చట్టం పుట్టింది. కరెంటు ఉన్నా లేకపోయినా, నేల మీద మంచు నిలిచిందంటే అందరూ ఒకే గదిలో.

తర్వాత్తర్వాత దీనికి కొన్ని అలవాట్లు తోడయ్యాయి. బడికి సెలవని ఫోనుకి మెసేజ్ రాగానే పిల్లలు స్టీలు బేసిన్లు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తేవాళ్ళు. ఎవరూ తొక్కని చోట పైపైన ఉన్న మంచు మాత్రమే తేవాలి. దాన్ని గ్లాసుల్లో కూరి, మీద సుగంధి షర్బత్ పోసి ఇచ్చేదాన్ని. గుంటూరు ఎండల్లో తాగాల్సిన షర్బత్ అది. పళ్ళు జివ్వుమంటుంటే, పొయ్యి ముందు కూర్చుని తినేవాళ్ళం. మధ్యాహ్నం నుంచి అష్టాచెమ్మా. గళ్ళు సుద్దముక్కతో చెక్క నేల మీదే గీసేవాళ్ళం, అరగదీసిన చింతగింజలు గవ్వలు. మావారు ఆఫీసులో ఎంత నిజాయితీపరులో నాకు తెలియదు గానీ, అష్టాచెమ్మాలో పచ్చి మోసగాడు. గింజ పొయ్యి కిందకి దొర్లింది, మళ్ళీ వేస్తానంటారు. దొర్లించింది ఆయన మోచెయ్యే. పిల్లలు మీద పడి ఆ చేతిని పట్టుకునేవాళ్ళు.

అంత బాగుండేది కాబట్టే, ఆ ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు నాకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది.

మావారి ఆఫీసు వాళ్ళు ఇన్వర్‌కార్గిల్‌లో పని మూసేసి, కావాలంటే ఆక్లండ్ రమ్మన్నారు. ఆక్లండ్ అంటే దేశానికి అటు కొస. ఆయన ముందుగా వెళ్ళారు. అక్కడ హాబ్సన్‌విల్ అనే పేటలో మరో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటూ, కుదిరిన శుక్రవారం సాయంత్రం విమానంలో వచ్చి ఆదివారం వెళ్ళిపోయేవారు. ఆయన వచ్చిన చప్పుడు వినగానే పిల్లలిద్దరూ చేతిలో ఉన్నది పారేసి గేటు దాకా పరిగెత్తేవాళ్ళు. ఇక్కడి ఇల్లు అమ్ముడైతే మేము ముగ్గురం అక్కడికి వెళ్ళి నలుగురం ఒకచోట ఉంటాం. అమ్ముడవకపోతే ఆయన ఇలా చుట్టపుచూపుగానే వస్తూ ఉంటారు. విషయం ఇంతే. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

నేను అమ్మనని ఎప్పుడూ అనలేదు. బోర్డు పెట్టనిచ్చాను, గోడలకి రంగు వేయించాను. కొనేవాళ్ళు రాకపోతే అది నా తప్పా? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు పెద్దలు. వచ్చిన ఒకరిద్దరు కూడా కిటికీల దగ్గర చెయ్యి పెట్టి చూసి, చలిగాలి తగలగానే థాంక్యూ చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. నేను వాళ్ళని గేటు దాకా సాగనంపి వచ్చి, ఆ పూట కాస్త ఎక్కువ అన్నం తినేదాన్ని.

ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటుకి ఒకటే బాధ, వాసన. చూడ్డానికి జనం వచ్చే ఇంట్లో కూర వాసన ఉండకూడదట. కాఫీ వాసన, బ్రెడ్డు కాల్చిన వాసన అయితే మంచిదట. "బ్రెడ్డుదైతే సువాసన, ఇంగువదైతే కంపా" అని నేను మావారితో ఫోన్లో ఒక గంట పోట్లాడాను. ఆయనేం చేస్తారు పాపం. చివరికి ఈ దేశంలో మనవాళ్ళు చాలామంది చేసే పనే నేనూ చేశాను. కారు బయట పెట్టి, గరాజులో గ్యాస్ పొయ్యి పెట్టుకున్నాను. ఆ చలికాలమంతా కోటు, ఉన్ని టోపీ, చేతిలో గరిటె. సగం తెరిచిన గరాజు తలుపులోంచి తాలింపు పొగ వీధిలోకి వెళ్తుంటే ఎదురింటి ముసలాయన రోజూ ఆ టైముకే కుక్కని షికారు తిప్పేవాడు.

ఆ ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం మావారు వచ్చారు. మర్నాడు శనివారం, ఎవరైనా వచ్చి ఇల్లు చూసుకోవచ్చని ఏజెంటు ప్రకటన ఇచ్చిన రోజు. పొద్దున లేచి తెర తీస్తే వసారా మెట్లు కనపడలేదు. వసారా, పెరడు, రోడ్డు అంతా తెల్లగా ఒకటే ఎత్తులో ఉంది. ఇంకా పడుతోంది. రోడ్లు బాగాలేవు, ఈ రోజు ఎవరూ రారు, రద్దు చేస్తున్నానని ఏజెంటు మెసేజ్ పెట్టాడు. ఆ తర్వాత కాసేపటికే కరెంటు, ఫోన్ సిగ్నల్ రెండూ పోయాయి.

మావారు కిటికీ దగ్గర నిలబడి మొహం వేలాడేశారు.

"ఈ వారం ఇద్దరు ముగ్గురు వస్తామన్నారటే" అన్నారు.

"మంచు నేను తెప్పించానా?" అన్నాను. "వెళ్ళి పరుపులు లాక్కురండి."

ఆ రోజు నాకు రెక్కలొచ్చాయి. అందరూ ఇంట్లో ఉన్నారు, ఎవరూ రారు, పైగా కరెంటు లేదు, గరాజు తలుపు మంచులో కూరుకుపోయింది కాబట్టి వంట కట్టెల పొయ్యి మీదే చేయాలి. అంటే ముందు గది మధ్యలో. నెలల తరబడి గరాజులో మగ్గిన నా ఎండుమిరపకాయలకి స్వాతంత్ర్యం వచ్చింది. పప్పు ఉడకబెట్టి, ఇనప గరిటెలో నెయ్యి వేసి, ఆవాలు, జీలకర్ర, మిరపకాయలు, ఇంగువ, వెల్లుల్లి. ఇంగువ కాస్త ఎక్కువే వేశాను, కసి కొద్దీ. పోపు చుయ్యిమనేసరికి నలుగురికీ దగ్గు. కళ్ళ నీళ్ళు కారుతుండగా నవ్వుకుంటున్నాం. అప్పుడు తలుపు చప్పుడైంది.

మావారు తీశారు. గుమ్మంలో ఒక కుర్రాడు, ఒక అమ్మాయి, ఆమె కోటులోపల గుండెకి కట్టుకున్న చంటిపాప. ముగ్గురి తలల మీదా మంచు.

"ఇల్లు చూద్దామని వచ్చినం సార్" అన్నాడు ఆ కుర్రాడు, నలుగురం దగ్గుతూ కనిపించేసరికి కొంచెం వెనక్కి జరిగి. "మీ గేటు కాడ బండి జారి గుంతల పడ్డది. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే కలుస్తలేదు."

రద్దు మెసేజ్ వాళ్ళకి అందలేదు. గుమ్మం బయట మా మాటలు విని తెలుగులోనే పలకరించారు. ఇన్వర్‌కార్గిల్‌లో ఆమె నర్సు. అతనికి మా ఊరి దగ్గర పాలపొడి ఫ్యాక్టరీలో ఇంజినీరు ఉద్యోగం. ఇద్దరిదీ కరీంనగర్ వైపు. మంచులో అరగంట దూరాన్ని రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు, మనవాళ్ళకే ఉండే ధైర్యంతో. టైము ఇచ్చాక పోకపోతే మర్యాద కాదనుకున్నారట. ఆ మంచులో ఈ దేశంలో పుట్టినవాడెవడూ కదలడు.

ఆ అమ్మాయి లోపలికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, పాప బూట్లు విప్పుతూ గాలి పీల్చింది.

"ఇంగువ పోపు పెట్టిండ్రా అక్కా" అంది. "ఫ్లాట్‌ల మేం పెట్టలేం. పక్కోళ్ళు కంప్లైంట్ ఇస్తరు."

మావారి ముఖం చూడాలి అప్పుడు. ఏజెంటు ఏ వాసన వద్దని ప్రాణం తీశాడో ఆ వాసనకే ఇల్లు కొనేట్టున్నారు వీళ్ళు. ఆయన నా వైపు తిరిగి కళ్ళతో సైగ చేశారు, వెళ్ళు, ఇల్లు చూపించు అని. కారు బయటికి రావాలంటే ట్రాక్టర్ కావాలి, ట్రాక్టర్ రావాలంటే మంచు ఆగాలి. కాబట్టి రేపటిదాకా వాళ్ళు మా ఇంట్లోనే. కొనేవాళ్ళు ఇలా కాళ్ళకు బంధం పడి దొరకడం ఏ ఏజెంటుకీ జరిగి ఉండదు.

భోజనాలయ్యాక ఇల్లు చూపించాను. ఒక్క అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పాను, కాకపోతే కాస్త గట్టిగా చెప్పాను. ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచే వస్తుంది, దక్షిణం వైపు గదికి మే నెల నుంచి ఆగస్టు దాకా ఎండ మొహం తెలియదన్నాను. ఆ గది మూల బూజు పడుతుంది, తుడవాలి, మళ్ళీ పడుతుంది, మళ్ళీ తుడవాలి అన్నాను. గాలి వీస్తే ఈ కిటికీలు రాత్రంతా పళ్ళు కొరుకుతాయన్నాను. పొద్దున్నే స్నానాల గదిలోకి వెళ్ళాలంటే గుండె దిటవు ఉండాలన్నాను. మావారు నా వెనకే వస్తూ ప్రతి మాటకీ ఒక "కానీ" తగిలించారు. కానీ గుమ్మం తూర్పండీ. కానీ చెక్క గట్టిదండీ. నేను ఆ కానీలకి ఆగకుండా పక్కగదికి నడిచాను. ఆ కుర్రాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ అమ్మాయి మాత్రం నన్నే చూసింది.

సాయంత్రం చీకటి పడేసరికి పొయ్యి ముందు పరుపులు, దుప్పట్లు, ఏడుగురం. చంటిపాప మా అమ్మాయి ఒళ్ళో నిద్రపోయింది. అష్టాచెమ్మా వేసుకున్నాం. కరీంనగర్ కుర్రాడు మావారి మోచేతి విద్య మొదటి ఆటలోనే పట్టేశాడు.

"అన్నా, గిట్ల ఆడితే మా దగ్గర కొడ్తరు" అన్నాడు నవ్వుతూ. గుమ్మం దగ్గర సార్ అయిన మావారు అప్పటికి అన్న అయిపోయారు.

"ఎప్పుడు మంచు పడ్డా గిట్లనే పండుకుంటరా అందరు?" అని ఆ అమ్మాయి మా అబ్బాయిని అడిగింది.

మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. వాడు చింతగింజలు గుప్పిట్లో ఊపుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పాడు. లేదు ఆంటీ, పోయినేడు కూడా పెద్ద మంచే పడింది, కానీ నాన్న ఆక్లండ్‌లో ఉన్నారు. పరుపులు తేనా అని అడిగితే అమ్మ వద్దంది, నాన్న లేకుండా ఎందుకులే అంది. ఎవరి గదిలో వాళ్ళం పడుకున్నాం. ఇంత చెప్పి గింజలు వేశాడు. నాలుగు పడ్డాయని సంబరంగా కాయ జరుపుకున్నాడు.

మావారు ఆట బల్ల లాంటి ఆ నేల వైపే చూస్తూ ఉండిపోయారు. ఆయనకి ఆ సంగతి నేను చెప్పలేదు. దాచలేదు కూడా, చెప్పేంత విషయం అనుకోలేదు. పోయినేడు మంచు బుధవారమో గురువారమో పడింది. నేను కట్టెలు మోసి, మెట్ల మీద మంచు పారతో ఎత్తి, పొయ్యి రాజేసి అలిసిపోయి ఉన్నాను. అదే ఇల్లు, అదే పొయ్యి, అవే పరుపులు. బయట ఇంతే మంచు. షర్బత్ సీసా కూడా అల్మరాలో ఉంది. అయినా నేనే వద్దన్నాను. నా చట్టాన్ని నేనే కొట్టేసి, ఆ సంగతి ఎంత తేలిగ్గా మర్చిపోయానో.

అప్పుడు ఆ అమ్మాయి దుప్పటి భుజాల మీదకి లాక్కుని నన్ను సూటిగా అడిగింది.

"అక్కా, ఒకటడుగుతా, ఏమనుకోవద్దు. మీకు ఇల్లు అమ్మాలని ఉందా, లేదా?"

"బోర్డు చూడలేదా?" అన్నాను.

"బోర్డు చూసే వచ్చినం. మిమ్మల్ని చూసినంక అడుగుతున్న. మాకు ఇల్లు నచ్చింది. బూజు నేను తుడుసుకుంటా, హాస్పిటల్ల రోజు చేసే పనే. కానీ ఇచ్చేటోళ్ళు ఏడ్సుకుంట ఇచ్చిన ఇల్లు కొన్నోళ్ళకు అచ్చిరాదంటది మా అమ్మ. చిన్న పిల్ల ఉంది నాకు. మీరు మనస్ఫూర్తిగ ఇస్తనంటేనే తీసుకుంటం. లేకుంటె పొద్దుగాల బండి తీసుకొని పోతం, మంచి పప్పు తిన్నమనుకుంటం."

ఇదే ఈ దేశంలో పుట్టిన ఏ కివీ దంపతులో అయితే గోడలు చూసేవాళ్ళు, కిటికీలు చూసేవాళ్ళు, లాయరుతో మాట్లాడేవాళ్ళు. నా ఏడుపుతో వాళ్ళకేం పని. మన పిల్ల కాబట్టి ఇల్లు చూసి, ఆ ఇల్లాలి మొహం కూడా చూసింది. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే అది. మా నాయనమ్మ అయితే ఏడుస్తూ ఇచ్చిన వంకాయ కూడా తీసుకునేది కాదు.

మావారేమో ఏడాదికి పైగా ఎవరి వంటో తింటూ, ఎవరి ఫ్లాట్‌లోనో పడుకుంటూ ఉన్న మనిషి. ఒక్క మాట, ఇస్తుందమ్మా, ఆవిడ అలాగే అంటుంది అని సర్దేస్తే అయిపోయేది. అనలేదు. చింతగింజలు ఏరి నా చేతిలో పెట్టారు.

"నీ వంతు" అన్నారు.

పొద్దున్నకి మంచు ఆగింది. ఎండ వచ్చింది, ఆ మంచు మీద పడి కళ్ళు చెదిరేలా. మగవాళ్ళిద్దరూ పారలు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళారు. నేనూ కోటు వేసుకుని మావారి దగ్గరికి నడిచాను. ఆయన పార ఆపి, ఆ కుర్రాడికి వినపడనంత దూరం పక్కకి వచ్చారు.

"రాత్రి ఆలోచించాను" అన్నారు. "నీకు ఇష్టం లేకపోతే వద్దు. నేనే వచ్చేస్తాను. ఇక్కడే ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాను."

"వచ్చి ఏం చేస్తారు? గొర్రెలకి కంప్యూటర్లు నేర్పుతారా?" అన్నాను.

"నేర్పుతాను" అన్నారు. నవ్వలేదు. ముక్కు ఎర్రగా, గడ్డం మీద మంచు పొడితో నిలబడి ఉన్నారు. ఈయన నిజంగానే వచ్చేస్తారు, ఏ పనైనా చేస్తారు, జన్మలో ఒక్కసారి కూడా దెప్పరు అని నాకు తెలిసింది. అది తెలిశాక ఇక నేను ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు. నాకు ఆయన మీద చాలా ప్రేమ పుట్టింది, చెప్పడానికేం. ఇరవై ఏళ్ళ కాపురంలో అది రోజూ అంత స్పష్టంగా కనపడే వస్తువు కాదు.

"మంచు ఎత్తడం కూడా రాదు మీకు" అని లోపలికి వచ్చేశాను.

ఆ అమ్మాయి పాపకి పాలు పడుతోంది. అయ్యాక రమ్మని, ఇల్లు మళ్ళీ మొదటి నుంచి చూపించాను. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మరా తెరిచి, ఇడ్లీ పిండి ఈ రెండో అరలో పెట్టాలి, కింది అరలో పెడితే పొంగి పక్కదుప్పట్ల మీదకి వస్తుంది, నాకు రెండుసార్లు అయింది అని చెప్పాను. ఉత్తరం వైపు కిటికీ దగ్గర చలికాలంలో కూడా మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది, పాపకి నూనె రాసి అక్కడ పడుకోబెట్టుకో అన్నాను. కట్టెలు ఎండాకాలంలో, జనవరిలోనే తెచ్చి పేర్చుకోవాలి, తడి కట్టెలు అమ్మేవాడెవడో, పొడి కట్టెలు అమ్మేవాడెవడో చెప్పాను. ఈ పొయ్యి తలుపు కాస్త తెరిచి ఉంచి రాజేయాలి, అంటుకున్నాకే మూయాలి అన్నాను. ఆమె ఒక్కొక్కటీ తల ఊపుతూ వింది. చివర్లో పొయ్యి ముందుకి వచ్చేసరికి పరుపులు ఇంకా పరిచే ఉన్నాయి, పిల్లలు లేవలేదు.

"మంచు పడితే అందరూ ఈ గదిలోనే పడుకోండి" అన్నాను. "ఇల్లు నీదే. మనస్ఫూర్తిగానే ఇస్తున్నాను."

ఆమె నా మొహంలోకి పరీక్షగా చూసింది. నర్సు కదా, నాడి చూసినంత సేపు చూసింది. తర్వాత వంగి నా కాళ్ళకి దండం పెట్టబోతే ఆపాను. బొట్టు పెట్టి, ఇంట్లో ఉన్న రెండు ఆపిల్ పళ్ళు, ఒక జాకెట్టు గుడ్డ ఇచ్చాను. ఊరి చివరి గొర్రెల ఫారం నుంచి తెలిసిన రైతు ట్రాక్టర్ తెచ్చి వాళ్ళ కారు గుంతలోంచి లాగాడు. పోపు వాసన వేసిన బట్టలతో ఇన్వర్‌కార్గిల్ వెళ్ళిపోయారు. మిగతా కాగితాల పని ఏజెంటు చూసుకున్నాడు. పేరు కూడా వాడే కొట్టేశాడు.

ఇప్పుడు మేము హాబ్సన్‌విల్‌లో ఉంటున్నాం. ఇల్లు కొత్తది, కిటికీలకి రెండేసి అద్దాలు, వంట ఇంట్లోనే. పక్కిళ్ళలో సగం మనవాళ్ళే, ఏ పోపు ఎవరిదో ముక్కుకే తెలియదు. ఆక్లండ్‌లో మంచు పడదు. జూలైలో జోరున వాన, గాలి, అంతే. మంచు గుర్తొస్తుందా అంటే గుర్తొస్తుంది. వట్టి మంచు ఎప్పుడూ గుర్తుకు రాదు, గింజలు దొర్లించిన మోచెయ్యి, నెయ్యి కరుగుతుంటే చూసిన నాలుగేళ్ళ పిల్ల, ఇలా మనుషులతో కలిపే వస్తుంది. ఆ మనుషుల్ని వెంట తెచ్చుకున్నాను కాబట్టి నాకు లోటేమీ లేదు.

మేము ఇక్కడికి వచ్చి, అట్టపెట్టెలు విప్పి సర్దుకున్నాక ఒక మామూలు మంగళవారం సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చారు. తాళం తీసుకుని లోపలికి వచ్చి, భుజాన బ్యాగుతో అలాగే నిలబడ్డారు. అబ్బాయి ఫోన్లో ఏదో ఆట ఆడుతున్నాడు. అమ్మాయి సోఫాలో కాళ్ళు చాపుకుని హోంవర్క్ చేస్తోంది. నేను స్టవ్ దగ్గర ఉన్నాను. ఎవరూ కదల్లేదు.

"ఏంట్రా, నేనొస్తే ఒక్కరూ లేవరా?" అన్నారు.

అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. ఆ ప్రశ్న దానికి నిజంగానే అర్థం కాలేదు. ఎందుకో తెలుగులోనే జవాబు చెప్పింది.

"ఎందుకు లేవాలి నాన్నా? రేపు కూడా వస్తావు కదా."

ఆయన బూట్లు విప్పుకోవడానికి గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చున్నారు. రెండు బూట్లూ విప్పడం అయిపోయాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుని ఉన్నారు. నేను పిలవలేదు.